రెమింగ్టన్ 700 రైఫిల్‌కి బాయిడ్స్ ఎట్-వన్ స్టాక్: రెండు సీజన్లు వాడాక నా మాట

నా ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. ఈ రివ్యూలో మిగతా అన్ని అంకెల కంటే ముందు దీన్నే గుర్తుపెట్టుకోండి. స్టాక్ అంటే తుపాకీని పట్టుకుని భుజానికి ఆనించే కర్ర లేదా ప్లాస్టిక్ భాగం. నాకు అమరిన స్టాక్ ఆరడుగుల మనిషికి అమరకపోవచ్చు. ఆరడుగుల మనిషి మెచ్చుకున్న స్టాక్ వల్లే నేను మూడేళ్ళు కుడిచెయ్యి కమిలిపోయి తిరిగాను.

మేముండేది విస్కాన్సిన్‌లో, ఓ క్లేర్ ఊరికి కొంచెం అవతల. నేను ఫార్మసిస్టుని, పుట్టి పెరిగింది తెనాలి. మా పక్క పొలం పెద్దాయన వాళ్ళ భార్యకి మందుల విషయంలో ఒకసారి సాయం చేశాను. ఆ స్నేహంతోనే ఆయన నన్ను మొదటిసారి జింకల వేటకి తీసుకెళ్ళారు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరం కాబట్టి, ఈ మాట వినగానే మా అమ్మ కంగారుపడింది. ఇక్కడ వేట రాష్ట్ర ప్రభుత్వం లైసెన్సులిచ్చి నడిపే వ్యవహారం. నవంబర్ చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండక్కి ముందు శనివారం మొదలై తొమ్మిది రోజులు రైఫిల్ సీజన్ ఉంటుంది. కొట్టిన జింకని మర్నాడు సాయంత్రం 5 గంటల లోపు నమోదు చేయాలి. ఆ మాంసం మా ఇంట్లో మార్చి దాకా వస్తుంది. మినియాపొలిస్ వెళ్ళినప్పుడు ఇండియన్ స్టోర్లో ఫ్రోజెన్ గోంగూర తెచ్చుకుని వండుతాను. మా అత్తగారు వచ్చినప్పుడు మొదటి రోజు ముట్టుకోలేదు. మూడో రోజు అడిగి వడ్డించుకున్నారు.

ఇక తుపాకీ సంగతి. సిటిజన్‌షిప్ వచ్చిన ఏడాది పాత రెమింగ్టన్ 700 కొన్నాను, .308 క్యాలిబర్ (తూటా సైజు), షార్ట్ యాక్షన్ (తూటా ఎక్కించి పేల్చే యంత్రభాగం పొట్టిది). ఈ మోడల్ 1962లో మార్కెట్లోకి వచ్చింది. బోల్ట్ యాక్షన్ రైఫిల్స్‌లో (బోల్ట్ అనే కడ్డీని చేత్తో లాగి తోసి తూటా ఎక్కించేవి) దీనికి దొరికినన్ని విడిభాగాలు ఇంకే దానికీ దొరకవని చెప్పొచ్చు. నాకు అమ్మినాయన అంతకుముందే అసలు స్టాక్ తీసేసి, మీద ఏ కంపెనీ పేరూ లేని నల్లటి ప్లాస్టిక్ స్టాక్ ఒకటి బిగించి ఉన్నాడు. తుపాకీ లోహం బాగుంది, బారెల్ శుభ్రంగా ఉంది. స్టాక్ గురించి నేనప్పుడు ఆలోచించనే లేదు. కర్రో ప్లాస్టికో, పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉందిగా అనుకున్నాను.

మొదటి రెండేళ్ళు గురి సరిగ్గా కుదరకపోతే తప్పు నాదే అనుకున్నాను. రేంజ్‌లో సంచి మీద ఆనించి కాలిస్తే ఒకచోట, ముందు భాగం కింద బైపాడ్ (రెండు కాళ్ళ స్టాండు) పెట్టి కాలిస్తే ఇంకోచోట తగిలేది. 100 గజాల దూరంలో మూడు తూటాలు మూడు అంగుళాల మేర చెదిరిపోయేవి. పెద్దాయన ఒకరోజు తన జేబులోంచి డాలర్ నోటు తీసి బారెల్‌కీ స్టాక్‌కీ మధ్య దూర్చి వెనక్కి లాగారు. కొస నుంచి నాలుగు అంగుళాలు వెళ్ళి ఆగిపోయింది. అక్కడ స్టాక్ బారెల్‌ని తాకుతోంది. స్టాక్ ముందు భాగాన్ని వేళ్ళతో పిండితే వంగింది. అదే అసలు జబ్బు. తూటా పేలినప్పుడు బారెల్ కంపిస్తుంది, ఆ కంపనం ప్రతిసారీ ఒకేలా ఉంటేనే తూటా ఒకేచోటికి వెళ్తుంది. మధ్యలో ప్లాస్టిక్ ఒకసారి తగిలి, ఒకసారి తగలకుండా ఉంటే గురి నిలవదు. అందుకే మంచి స్టాక్‌లో బారెల్ దేన్నీ తాకకుండా ఖాళీ వదులుతారు.

ఆ జబ్బుకి మందు సులువే. చాలా స్టాకులు ఆ ఒక్క పని చేస్తాయి. నాకు ఆలస్యంగా అర్థమైంది రెండోది, పొడవు సంగతి.

స్టాక్ పొడవుని ట్రిగ్గర్ నుంచి భుజానికి ఆనే రబ్బరు ప్యాడ్ మధ్యభాగం దాకా కొలుస్తారు. నా పాత దానిది టేపు పెట్టి చూస్తే 13.75 అంగుళాలు. అంటే నా చేతికి కొంచెం ఎక్కువే. నవంబర్‌లో ఇక్కడ చలికి లోపల రెండు పొరలు, పైన నారింజ రంగు జాకెట్టు, వెరసి ఇంకో ముప్పావు అంగుళం. అంత పొడుగు స్టాక్‌ని భుజం గుంటలోకి తెచ్చుకోలేక, తెలియకుండానే జబ్బ మీదకి పెట్టుకునేదాన్ని. తుపాకీ తన్నినప్పుడు దెబ్బ భుజానికి కాక చేతి కండకి తగిలేది. ఒకసారి పట్టు జారి స్కోప్ (గురి చూసే దుర్భిణి) అంచు కనుబొమ్మ మీద కోసింది. ఆ గాటు ఇప్పటికీ ఉంది.

తెనాలిలో బోసు రోడ్డు పక్క సందులో మా అమ్మ నన్ను జాకెట్టు కుట్టించడానికి తీసుకెళ్ళే టైలర్ గుర్తొచ్చాడు. గుడ్డ ఎంత ఖరీదైనదైనా ఆయన మొదట టేపే తీసేవాడు. చెయ్యి ఎత్తమనేవాడు, దించమనేవాడు, కూర్చోమనేవాడు. కూర్చున్నప్పుడు పట్టేయకూడదు కదమ్మా అనేవాడు. మూడేళ్ళు నేను వేరేవాళ్ళ కొలతలకి కుట్టిన జాకెట్టు తొడుక్కుని తిరిగినట్టే తిరిగాను. స్టాక్ ఎంచుకునేటప్పుడు అందరూ ముందు మెటీరియల్ అడుగుతారు: కర్రా, ఫైబర్‌గ్లాసా, పాలిమరా? నన్నడిగితే ముందు టేపు తీయండి.

పెద్దాయన నాకు నేర్పిన కొలత ఇది. తుపాకీ ఖాళీ చేసి, బోల్ట్ బయటికి తీసి పక్కన పెట్టండి. మోచెయ్యి మడిచి, స్టాక్ చివరని మోచేతి లోపలి మడతకి ఆనించండి. చూపుడు వేలి మొదటి కణుపు ట్రిగ్గర్ మీదకి హాయిగా రావాలి. ఇది మొదటి అంచనా మాత్రమే. అసలు పరీక్ష సీజన్‌లో వేసుకునే బట్టలన్నీ వేసుకుని చేయాలి. కళ్ళు మూసుకుని తుపాకీ భుజానికి ఎత్తి, చెంప ఆనించి, అప్పుడు కళ్ళు తెరవండి. స్కోప్‌లో బొమ్మ నిండుగా కనపడితే పొడవూ ఎత్తూ సరిపోయినట్టు. అంచుల్లో నల్లటి నీడ కనిపించినా, మెడ సాచాల్సి వచ్చినా సరిపోనట్టే. జాకెట్టుతో నాకు తేలిన కొలత 12.75 అంగుళాలు.

ఆ అంకె చేతిలో పెట్టుకుని వెతికితే జాబితా చాలా చిన్నదైపోయింది.

మొదట చూసింది మాగ్‌పుల్ హంటర్ 700. లోపల అల్యూమినియం బ్లాక్ పోతపోసి, చుట్టూ గట్టి పాలిమర్ వేస్తారు. రైఫిల్ లోహం నేరుగా ఆ అల్యూమినియం మీద కూర్చుంటుంది, అందుకని వేరే బెడ్డింగ్ పని (లోహం కదలకుండా స్టాక్ గుంటలో ఎపాక్సీ అనే గట్టిపడే జిగురు పోసి అచ్చు తీయడం) అక్కర్లేదు. వానకీ మంచుకీ చలించదు. రేంజ్‌లో ఒకరిది అడిగి భుజానికి పెట్టుకుని చూశాను. దిట్టంగా ఉంది, చాలా నచ్చింది. పొడవు మార్చడానికి మధ్యలో పెట్టే స్పేసర్లు ఉంటాయి, 13 నుంచి 15 అంగుళాల దాకా. అంటే అన్నీ తీసేసినా నాకింకా పావు అంగుళం ఎక్కువ. వేసవిలో టీషర్టు మీద సరిపోతుందేమో, నేను వేటాడేది నవంబర్‌లో. మీరు 5 అడుగుల 6 అంగుళాలు దాటితే దీన్ని తప్పకుండా చూడండి. పని తక్కువ, గట్టితనం ఎక్కువ.

ఫైబర్‌గ్లాస్‌లో మెక్‌మిలన్ వాళ్ళ పేరు పెద్దది. అమెరికా మెరైన్ల ఎం40ఏ1 స్నైపర్ రైఫిల్‌కి వాడింది వాళ్ళ స్టాకే. తేలిగ్గా, గట్టిగా ఉంటాయి. నా తుపాకీ ఖరీదులో చాలా భాగం స్టాక్‌కే పెట్టాలంటే మనసొప్పలేదు. ఆ దారి వదిలేశాను. ఎప్పటి నుంచో ఉన్న వాల్‌నట్ కర్ర స్టాకులు చూడ్డానికి కళ్ళు చెదిరేలా ఉంటాయి. కానీ ఒకే చెక్క తడికి ఉబ్బి, పొడికి ముడుచుకుంటుంది. ఉదయం మంచులో ఆరుబయట కూర్చుని సాయంత్రం హీటర్ ఉన్న ఇంట్లోకి తెచ్చే నాలాంటివాళ్ళకి అదొక టెన్షన్.

అలా బాయిడ్స్ దగ్గర ఆగాను. వీళ్ళది సౌత్ డకోటాలోని మిచెల్. లామినేట్ స్టాక్ అంటే పల్చటి చెక్క పొరలని జిగురుతో ఒత్తి దిమ్మెగా చేసి, దాన్ని చెక్కడం. పొరలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి కాబట్టి ఒకే చెక్కలా తేలిగ్గా వంకరపోదు. ఇది కొత్త విద్యేమీ కాదు, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైనికుల మౌజర్ రైఫిల్స్‌లో ఎన్నిటికో లామినేట్ స్టాకులే ఉండేవి. ఎట్-వన్ మోడల్‌లో నన్ను కట్టిపడేసింది మాత్రం రెండు బటన్లు. ఒకటి నొక్కి వెనక ప్యాడ్‌ని 12.5 నుంచి 14 అంగుళాల మధ్య జరుపుకోవచ్చు. ఇంకోటి నొక్కి చెంప ఆనే భాగాన్ని అర అంగుళం దాకా పైకి లేపుకోవచ్చు. పనిముట్లు అక్కర్లేదు. నాకు 200 డాలర్ల పైచిలుకు అయింది.

చెంప ఎత్తు గురించి ఒక మాట. పాత స్టాకులు బారెల్ మీదుండే ఇనప గురి కోసం చెక్కినవి. స్కోప్ బారెల్ కంటే అంగుళంన్నర ఎత్తులో ఉంటుంది. చెంప ఆనే భాగం కిందకి ఉంటే దవడ ఆనించి, తల గాల్లో తేల్చి చూడాలి. ప్రతిసారీ తల ఒకే చోట ఉండదు. మూడు పావుల అంగుళం మందం ఉన్న స్పాంజి ముక్కని టేపుతో చుట్టి ఒక సీజన్ గడిపిన మనిషిని కాబట్టి ఆ బటన్ విలువ నాకు తెలుసు. అయితే చెంప భాగాన్ని మరీ పైకి లేపితే బోల్ట్ బయటికి లాగేటప్పుడు దానికి తగిలే అవకాశం ఉంటుంది. ఏ కంపెనీ స్టాక్ అయినా కొన్నాక ముందది చూసుకోండి.

బాయిడ్స్ దగ్గరికి నేరుగా వెళ్ళలేదు నేను. అంతకుముందు ఆన్‌లైన్‌లో వేరే అమ్మకందారు దగ్గర ఇంకో స్టాక్ కొని దెబ్బతిన్నాను, మీకు పనికొస్తుందని చెప్తున్నా. పేజీలో రెమింగ్టన్ 700 షార్ట్ యాక్షన్ అని ఉంటే చాలనుకుని ఆర్డర్ ఇచ్చాను. రెమింగ్టన్ 700లో కిందిభాగం ఒక్కో రకానికి ఒక్కోలా ఉంటుంది. ఏడీఎల్ అనే రకంలో కింద మూత ఉండదు, తూటాలు పైనుంచే పెట్టి పైనుంచే తీయాలి. బీడీఎల్ రకంలో కింద తలుపులాంటి మూత తెరిస్తే తూటాలన్నీ చేతిలోకి పడతాయి. నాది బీడీఎల్. వచ్చిన స్టాక్ ఏడీఎల్‌కి చెక్కింది. ఆ మాట పేజీలో ఎక్కడా లేదు. వాపసు ఖర్చు నేనే పెట్టుకోవాలన్నారు, పెట్టుకున్నాను. అందుకని ఆర్డర్‌కి ముందు మూడు విషయాలు కాగితం మీద రాసుకోండి: యాక్షన్ పొట్టిదా పొడుగుదా, కింద మూత ఉందా లేదా, బారెల్ సన్నదా లావుదా. బాయిడ్స్ వాళ్ళ ఆర్డర్ ఫారం ఇవన్నీ విడివిడిగా అడుగుతుంది. ఆర్డర్ ఇచ్చాక చెక్కే వస్తువు కాబట్టి సీజన్‌ నాటికి కావాలంటే వేసవిలోనే ఇవ్వడం మంచిది.

స్టాక్ ఒక్కటే కొనడానికి గన్ షాపులో కాగితాలు నింపే పని లేదు. ఇక్కడి ఫెడరల్ చట్టం దృష్టిలో తుపాకీ అంటే రిసీవర్ అనే లోహభాగం. స్టాక్ మామూలు పార్శిల్‌లా ఇంటికే వస్తుంది. వీసా మీద ఉన్నవాళ్ళకి మాత్రం తుపాకీ దగ్గర పెట్టుకోవడం మీదే వేరే నిబంధనలున్నాయి. పక్కవాళ్ళ మాట విని కాకుండా లాయర్ని అడిగి ముందుకెళ్ళండి.

పెట్టె విప్పిన రోజు నాకు గుర్తుంది. నేనెంచుకున్నది గోధుమ, ముదురు బూడిద రంగు పొరలది. వంపుల దగ్గర ఆ పొరలు నీళ్ళలో అలల్లా కనిపిస్తాయి. చేత్తో నిమిరితే చల్లగా లేదు. మైనస్ పది డిగ్రీల్లో చెంప ఆనించినప్పుడు ప్లాస్టిక్‌కీ కర్రకీ తేడా ఏమిటో చర్మానికి తెలుస్తుంది.

కిచెన్ త్రాసు మీద పెట్టాను. పాతది 2 పౌండ్ల 2 ఔన్సులు, ఇది 3 పౌండ్ల 9 ఔన్సులు. దాదాపు పౌండున్నర ఎక్కువ. స్కోప్, స్లింగ్ (భుజాన తగిలించే పట్టీ) కలిపి తుపాకీ బరువు తొమ్మిదిన్నర పౌండ్లు దాటింది. ఈ స్టాక్‌లో కొనేముందు ఆలోచించుకోవాల్సింది ఇదే. నేను పొలం చివర చెట్టుకి కట్టిన మంచె మీద కూర్చుంటాను, అర మైలు నడక, తర్వాత ఆరు గంటల కూర్చోవడం. అంతకి ఈ బరువు నాకు మేలే చేసింది, తన్ను తగ్గింది. కొలరాడోలో కొండలెక్కి ఎల్క్ (పెద్ద జాతి జింక) వేటాడేవాళ్ళకి మాత్రం ఈ స్టాక్ కొనమని నేను చెప్పను. అక్కడ ప్రతి ఔన్సూ కాళ్ళ మీద పడుతుంది.

ఈ స్టాక్‌లో అల్యూమినియం బ్లాక్ ఉండదు, లోహం కర్ర మీదే కూర్చుంటుంది. అలాగే బిగించి వాడుకోవచ్చు. పెద్దాయన మాత్రం బెడ్డింగ్ చేద్దామన్నారు. బారెల్ మొదట్లో, రిసీవర్ కిందికి పొడుచుకువచ్చి ఒక మందపాటి లోహపు పలక ఉంటుంది, రీకాయిల్ లగ్ అంటారు. తుపాకీ తన్నే బలమంతా ఆ పలక వెనక ముఖం స్టాక్ మీదకి తోస్తుంది. ఆ ముఖానికి వెనక స్టాక్ ఎంత గట్టిగా, ఎంత సమంగా ఆనితే గురి అంత నిలకడగా ఉంటుంది.

ఒక శనివారమంతా ఆయన గ్యారేజ్‌లో గడిచింది. లగ్ ముందు వైపూ పక్కలా అడుగునా టేపు అంటించాం, వెనక ముఖం మాత్రం వదిలేశాం. తర్వాత టేపు తీసేస్తే ఆ మూడు వైపులా సన్నటి ఖాళీ మిగిలి, వెనక మాత్రమే ఆనుతుంది. స్క్రూ రంధ్రాల్లోకి ఎపాక్సీ పోకుండా బంకమట్టి నొక్కాం. లోహానికి షూ పాలిష్ రెండు పూతలు పట్టించాం, అది లేకపోతే ఎపాక్సీ తుపాకీని స్టాక్‌కి శాశ్వతంగా అంటించేస్తుంది. నేను పాలిష్ రాసిన చోటల్లా ఆయన మళ్ళీ రాశారు. ఎపాక్సీ కలిపి గుంటలో వేసి, లోహాన్ని దించి, స్క్రూలు వేళ్ళతోనే బిగించి వదిలేశాం. రాత్రంతా నిద్ర పట్టలేదు నాకు, ఊడిరాదేమోనని. మర్నాడు సాయంత్రం రబ్బరు సుత్తితో రెండు దెబ్బలు వేస్తే టక్కున ఊడొచ్చింది. గుంటలో రిసీవర్ అచ్చు అద్దంలా పడింది, లోహం మీద చెక్కిన గీత కూడా కనిపించింది. తర్వాత స్క్రూలు టార్క్ రెంచితో (ఎంత బిగించామో కొలిచే పానా) 40 అంగుళ-పౌండ్లకి బిగించాం. కర్రకి అంతకు మించి బిగిస్తే చెక్క నొక్కుకుపోతుంది. ఈసారి డాలర్ నోటు బారెల్ కింద మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా వెళ్ళింది.

స్టాక్ మార్చాక పాత గురి ఉండదు, రేంజ్‌కి వెళ్ళి మళ్ళీ సరిచేసుకోవాల్సిందే. పాతప్పటి 150 గ్రెయిన్ (తూటా బరువు) తూటాలే వాడాను. 100 గజాల దగ్గర మూడు తూటాలు అంగుళం పావులో పడ్డాయి. సంచి మీదైనా బైపాడ్ మీదైనా అక్కడే. ఇందులో బెడ్డింగ్ పాలెంత, పొడవు పాలెంత అని విడదీసి చెప్పలేను. కానీ ఇరవై తూటాలు కాల్చి ఇంటికొచ్చి స్నానం చేస్తుంటే చేతి మీద ఎక్కడా కమిలిన మచ్చ లేదు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఆ అంగుళం పావు చూసి కాదు.

రెండు సీజన్లలో ఈ స్టాక్ తడిసింది, గడ్డకట్టింది, ఒకసారి మంచె నిచ్చెనకి గట్టిగా కొట్టుకుంది. ఒక సొట్ట పడింది, పొర చీలలేదు. రెండేళ్ళలో రెండుసార్లు స్క్రూల బిగింపు చూశాను, మారలేదు. జారే ప్యాడ్ దగ్గర సందులో తడి నిలవకుండా ప్రతి రోజూ గుడ్డతో తుడుస్తాను, అది అలవాటు చేసుకోవాలి. మొదటి సీజన్ రెండో రోజు, ఉదయం ఏడున్నరకి, 80 గజాల్లో ఆగిన ఆడ జింకకి ఒకే తూటా. ముప్పై అడుగుల్లో పడిపోయింది. జంతువుని బాధపెట్టకుండా పడగొట్టడం వేటగాడి మొదటి ధర్మమని పెద్దాయన మొదటి రోజే చెప్పారు. అది ఒంటికి సరిపోయిన తుపాకీతోనే సాధ్యమని నా నమ్మకం.

మీరు పొడుగ్గా ఉండి, పని లేకుండా బిగించేసుకోవాలంటే మాగ్‌పుల్. కొండలెక్కేవాళ్ళయితే డబ్బు కూడబెట్టుకుని ఫైబర్‌గ్లాస్. పొట్టివాళ్ళు, ఒకే తుపాకీని ఇంట్లో ఇద్దరు వాడుకునేవాళ్ళు మాత్రం ఇంకో ఆలోచన లేకుండా ఎట్-వన్ తీసుకోండి.

మా అమ్మాయికి ఈ మధ్యే పదమూడు వచ్చాయి. హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు వేసవిలో పూర్తిచేసింది. పోయిన ఆదివారం రేంజ్‌లో తుపాకీ ఖాళీ చేసి, బోల్ట్ తీసి బల్ల మీద పెట్టాను. తనే బటన్ నొక్కి ప్యాడ్‌ని చివరిదాకా లోపలికి తోసింది, 12.5. జాకెట్టు జిప్పు పైకి లాక్కుని, కళ్ళు మూసుకుని భుజానికి ఎత్తింది. తెరిచి, "అమ్మా, మొత్తం కనిపిస్తోంది" అంది.